పదహారు వేయిస్తే పది

"ఆ పుస్తకం నాది" అన్నాను. అన్న తర్వాతే, నా నోట్లోంచి ఏ మాట జారిందో నాకు తెలిసింది.

అప్పటికి శుక్రవారం పొద్దున పది దాటింది. ముందురోజు వదిలిపోయిన మా త్రాసు కోసం నేను కస్బా హైస్కూలుకు వచ్చేసరికి, సైన్సు గదిని పోలీసులు సోదా చేసి, బీరువాలో త్రాసు పెట్టె కింద నుంచి నీలం అట్ట నోటుబుక్కు ఒకటి బయటికి తీశారు. అందులో ఒక పేజీలో 'గంధకం నాలుగు, ఇనుపరజను ఏడు' అని ఉంది. ఆ ఒక్క ముక్క చాలింది. సైన్సు చెప్పే లింగస్వామి సారు చేతులు కట్టి బెంచీ మీద కూర్చోబెట్టారు. అడవుల్లో తుపాకులు పట్టిన సంగపోళ్ళకు మందుగుండు లెక్కలు రాసిచ్చాడన్నది నేరం. బయట లారీ ఇంజను ఆపకుండా ఉంచారు. రజాకార్లు పోయారని మిఠాయి పంచుకుని అయిదు నెలలయింది గాని, క్యాంపుకు తీసుకుపోయిన మనిషి ఎన్నాళ్ళకు తిరిగొస్తాడో చెప్పగలిగిన వాళ్ళు మా ఊళ్ళో ఇంకా ఎవరూ లేరు.

ఇన్‌స్పెక్టరు నావైపు తిరిగాడు. పేరు రఘుపతి. సర్కారు జిల్లాల నుంచి మా వైపు పంపిన పోలీసుల్లో ఒకడు. ముప్పై దాటి ఎన్నో ఏళ్ళు ఉండవు. గొంతు పెంచే మనిషి కాదు. నాకు భయం అందుకే ఎక్కువైంది. అరిచేవాడు అలిసిపోతాడు. ఈయన అలిసేటట్టు లేడు.

"నీదా?"

"నాదే సార్."

"నువ్వెవరమ్మా?"

"అవుసలి గోపయ్య బిడ్డను. బిక్షమ్మ. గా త్రాసు మాదే."

"త్రాసు మీదైతే పుస్తకం నీదెలా అవుతుంది? ఈ బళ్ళో చదువుతున్నావా?"

"లేదు సార్. ఏడో జమాత్‌ల ఆగిపోయిన."

"మరి?"

మరి అంటే ఎక్కడ మొదలుపెట్టాలి? చంకలో తొమ్మిది నెలల యాదలక్ష్మి దగ్గుతోంది. మూడు రోజులుగా అదే దగ్గు. వాముపొడి మూట కట్టి ఛాతీకి కాపడం పెట్టినా తగ్గలేదు. దాని వీపు నిమురుతూనే నాకు చేతనైనట్టు చెప్పాను.

రజాకార్ల రోజుల్లో బడిలోని గాజు సామాను, సర్కారు త్రాసు ఎవరో ఎత్తుకుపోయారు. మళ్ళీ తలుపులు తెరిచేసరికి సైన్సు గదిలో ఒక బల్ల, ఒక బీరువా, అడుగున పిడికెడు గంధకం ఉన్న సీసా మిగిలాయి. లింగస్వామి సారు నల్లబల్ల మీద రాసి చేతులు దులుపుకునే మనిషి కాదు. "తూచకుండ చెప్తే అది కెమిస్ట్రీ కాదు, పురాణమైతది" అనేవాడు. వెండి తూచే త్రాసు ఇమ్మని, నగలు చేసే మా నాయిన దగ్గరికి వచ్చాడు. అవుసలి త్రాసు పరాయి చేతికి పోదు. ముల్లు వెంట్రుకవాసి వంగిందంటే ఆ ఇంటి మాట వంగినట్టే. సారు మూడుసార్లు తిరిగాక నాయిన ఒక దారి చూపించాడు. "త్రాసు ఇస్త. దాని ఎంబడి నా బిడ్డ వస్తది. ఆమెనే పట్టుకుంటది, ఆమెనే మళ్ళ తెస్తది." అట్లా మంగళవారం, గురువారం, నెత్తిన పెట్టెతో, చంకలో పిల్లతో, ఆగిపోయిన చదువు దగ్గరికి మళ్ళీ నడిచిపోయాను.

మొదట ఊరికే తూచి పక్కన నిలబడేదాన్ని. తర్వాత చెవులు ఊరుకోలేదు. ఆ తర్వాత చెయ్యి ఊరుకోలేదు. సారే ఒక నోటుబుక్కు ఇచ్చి, "రాసుకో బిడ్డా, సిరా బల్ల మీదుంది" అన్నాడు.

"ఇంటికెందుకు తీసుకుపోలేదు?" అని అడిగాడు ఇన్‌స్పెక్టరు.

నేను భయపడుతున్న ప్రశ్న అదే. "ఇంట్ల కాయితాలు ఉండనియ్యడు మా నాయిన."

"ఎందుకని?"

"మూడుమాట్ల సోదా చేసిండ్రు సార్. మా ఆయన కోసం."

"ఆయనెక్కడ?"

"తెల్వదు. ఏడాదైంది పొయ్యి. గీ పిల్లను గూడ సూడలే."

ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. మా ఆయన పేరు దశరథమని నేను చెప్పలేదు. చెప్పకపోయినా ఆ పేరు ఆయన దగ్గర ముందే ఉండి ఉంటుంది. దశరథం మా నాయిన దగ్గర పని నేర్చిన మనిషి. నా పక్కనే కూర్చుని తూకం చీటీలు రాసిన మనిషి. రజాకార్లు ఊరి మీద పడి మా పక్కింటి ముసలాయనను కొట్టి చంపిన మర్నాడు సంగంలోకి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఒక్క కబురు లేదు. బెంచీ మీద సారు నావైపు చూసి తల అడ్డంగా ఊపాడు. ఎందుకు ఒప్పుకున్నావు అన్నట్టుంది ఆ చూపు. ఒప్పుకోకపోతే సారు ఆ లారీ ఎక్కుతాడు. ఒప్పుకుంటే ఆయన, నేను, నా పిల్ల, ముగ్గురం ఎక్కవచ్చు. నేను అంత లెక్క వేసుకుని మాట్లాడలేదు. నా రాతను వేరేవాళ్ళ నేరం చేస్తుంటే ఊరుకోలేకపోయాను, అంతే.

ఇన్‌స్పెక్టరు ఆ పేజీ మీద వేలు పెట్టాడు. "గంధకం నాలుగు, ఇనుపరజను ఏడు. ఇదేవిటో చెప్పు."

"రెండు గలిపి కాలిస్తే పదకొండు ఎత్తు నల్లగడ్డ అయితది సార్. నాలుగుకు ఏడే పడతది. ఎనిమిది ఏస్తే ఒకటి అట్లనే మిగులతది. అయస్కాంతం పెడితే అంటుకుంటది గా మిగిలింది."

"పేలదా?"

"పేలదు. ఎర్రగ అయి ఆరిపోతది."

"ఇంకో పేజీలో ఎనభైనాలుగు, యాభైమూడు అని ఉంది."

"తినే సోడా, బట్టల సోడా. తినే సోడా ఎనభైనాలుగు ఎత్తు వేయిస్తే, బట్టల సోడా యాభైమూడు ఎత్తు మిగులతది. అదే లెక్కన పదహారు వేయిస్తే పది."

"మిగతాది?"

"గాలి, ఆవిరి. పోతది."

లింగస్వామి సారు నోరు తెరవబోయాడు. "మీరు మాట్లాడకండి మాష్టారూ" అన్నాడు ఇన్‌స్పెక్టరు మర్యాదగానే. తర్వాత నాతో అన్నాడు. "చూడమ్మా, నేను చదివింది చరిత్ర. పాత కాయితాలు, పాత చేతిరాతలు చూపిస్తే చెప్పగలను గాని, ఈ సోడాలు నాకు తెలీవు. పట్టుబడ్డ ప్రతివాడూ ఇది బడి లెక్కే అంటాడు. అందుకని ఒక పని చేద్దాం. నీ లెక్క నిజమైనదైతే ఎంత మిగులుతుందో ముందే చెప్పగలగాలి. చెప్పు. తర్వాత నా ఎదురుగా చెయ్యి. చెప్పింది వస్తే ఇది బడి పుస్తకం. రాకపోతే, సోడా పేరు పెట్టుకుని ఇంకేదో రాసుకున్నారనుకోవాలి. మాష్టారు లారీ ఎక్కుతారు. నీ సంగతి తర్వాత చూస్తాను."

బల్ల మీద ఉన్న సోడా పొట్లాన్ని పక్కకు నెట్టేసి, ఒక జవానును బజారుకు పంపాడు. "కోమటి కొట్లో కొత్తది తీసుకురా. ఏ కొట్టో ఈవిడకు తెలియకూడదు."

మా బజారులో సోడాలో సుద్ద కలపని కొట్టు ఏదో, కలిపే కొట్టు ఏదో నాకు తెలుసు. జవానుకు ఏం తెలుసు?

కుంపటిలో బొగ్గులు రాజేశాను. పెట్టెలోంచి త్రాసు తీసి, దూలానికున్న కొక్కేనికి తగిలించాను. రెండు పళ్ళేలూ ఖాళీగా ఊగి ఊగి నిలబడ్డాయి. ముల్లు మధ్యకు వచ్చింది. ఒక పళ్ళెంలో అంచున్న చిన్న ఇనుప పెంకను పెట్టి, దానికి సరిపోయేటట్టు రెండో పళ్ళెంలో గులకరాళ్ళు వేశాను. దాంతో పెంక బరువు లెక్కలోకి రాదు. దాన్లో పోసినదే తూగుతుంది. గుడ్డసంచి విప్పి మా నాయిన పదహారు రూపాయలు తీశాను. ఖర్చు పెట్టే రూపాయలు కావవి, తూకానికే ఉంచినవి. మా వైపు అవుసల ఇళ్ళల్లో రూపాయే తూనికరాయి. దానికంటే చిన్న బరువులకు గురిగింజలు, ఒక్కటొక్కటి ఏరి, పుచ్చులు తీసేసినవి, వేరే డబ్బీలో ఉంటాయి.

సోడా వచ్చింది. పదహారు రూపాయల ఎత్తు తూచి పెంకలో పోశాను. ఇన్‌స్పెక్టరు వంగి ముల్లును రెండు వైపుల నుంచీ చూశాడు.

"ఇప్పుడు చెప్పు. ఎంత?"

"పది రూపాయల ఎత్తు. మీదికెళ్ళి తొమ్మిది గురిగింజలు."

"గింజలతో సహా చెబుతున్నావే."

"పది కన్న జర ఎక్కువనే వస్తది సార్. గా జర ఎంతనో సారు లెక్క గట్టిచ్చిండు."

ఆయన దాన్ని తన చిన్న పుస్తకంలో రాసుకుని కింద గీత గీశాడు.

పెంక కుంపటి మీదికెక్కింది. కాసేపటికి సోడా కదలడం మొదలైంది. కింద నుంచి ఎవరో ఊదుతున్నట్టు, మరిగే అంబలిలాగా, పొడి పొడిగానే ఉబికి కూలుతోంది. జవాను ఒకడు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"భయపడకు తమ్మీ, కరవదు" అన్నాను. ఎట్లా అన్నానో నాకే తెలియదు. ఇన్‌స్పెక్టరు మీసం కొద్దిగా కదిలింది. మండుతున్న పుల్లను పెంక మీదికి తెస్తే అది టప్పున ఆరిపోయింది. "సూడుండ్రి సార్. పేలే సరుకైతే పుల్ల ఆరదు గదా."

ఆ గాలిని మొదటిసారి చూసిన మంగళవారం నేను సారును అడిగాను. పదహారు పోస్తే పదే మిగిలింది, ఆరు ఎత్తు ఏడికి పోయింది సారూ అని. ఆయన నవ్వలేదు. "పోలేదు బిడ్డా. గీ గదిలనే ఉన్నది. మూతి కట్టి పట్టుకుంటే ఆరు ఎత్తూ తూగుతది. కండ్లకు ఆనకపోతే లేనట్టు గాదు" అన్నాడు. ఆరోజు ఇంటికి పోతూ దోవ పొడుగునా ఆ మాటే అనుకున్నాను. నేను ఆలోచించింది సోడా గురించి కాదు.

ఉబకడం ఆగాక కూడా కలుపుతూనే ఉన్నాను. పెంకను దించి చల్లార్చడానికి ఇటుక మీద పెట్టాను. వేడి మీద తూస్తే ముల్లు అబద్ధం చెబుతుంది. ఆ సందులో యాదలక్ష్మి ఏడుపు లంకించుకుంది. ఆకలి ఏడుపు, దగ్గు కలిసిన ఏడుపు. "జర పాలిచ్చి వస్త సార్" అన్నాను. ఆయన తలుపు దగ్గర జవానును నిలబెట్టి వరండాలోకి పోనిచ్చాడు.

గోడవైపు తిరిగి కూర్చుని పాలిస్తుంటే ఛాతీలో పిల్లికూత వినపడుతోంది. ఈ దగ్గు ఊపిరితిత్తుల్లోకి దిగిందా? నల్లగొండ దవాఖానకు పోవాలంటే బండి ఎవరిని అడగాలి? నన్ను లారీలో ఎక్కిస్తే దీనికి పాలెవరిస్తారు? అక్కడ కూర్చుని ఇవే తిప్పుకుంటున్నాను తప్ప, లోపల ఏం జరుగుతోందో చూడాలని తోచలేదు. ఒక అవుసలి బిడ్డ తూకం సగంలో వదిలి లేవకూడదు. అది మా నాయిన నేర్పిన మొదటి పాఠం.

తిరిగి వచ్చేసరికి ఇన్‌స్పెక్టరు బల్ల మీద పది రూపాయలు పేర్చి పెట్టాడు.

"మీ రూపాయలు సంచిలో వేసేశాను. ఇవి నావీ, మా వాళ్ళవీ. మీవి ముందే అరగదీసో, సీసం పోసో ఉంచారేమోనని రేపు మా పైవాళ్ళు అడిగితే నేను జవాబు చెప్పుకోవాలి. రూపాయి రూపాయే కదా?"

"అవ్ సార్" అన్నాను. నా చెవులు పిల్ల ఊపిరి దగ్గర ఉన్నాయి.

పెంకను పళ్ళెంలో పెట్టాను. రెండో పళ్ళెంలో గులకరాళ్ళు, వాటి మీద ఆయన పది రూపాయలు. చెయ్యి తీశాను.

రూపాయల పళ్ళెం కిందికి దిగిపోయింది. నిలబడలేదు, ఊగలేదు. బరువైనదేదో పడ్డట్టు దిగి కూర్చుంది.

నేను పెంకను తీసి మళ్ళీ పెట్టాను. మళ్ళీ అంతే. తొమ్మిది గింజలు ఎక్కువ రావలసింది పోయి, పది రూపాయలకే చాలినంత సోడా లేదు.

"తక్కువొచ్చింది" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆయన గొంతులో సంతోషం లేదు. ఆ మాట నిజం, చెప్పాలి. నోటుబుక్కు మూసి చంకలో పెట్టుకున్నాడు. జవాను సారు భుజం పట్టి లేపాడు. సారు లేచి పెంక వైపు, రూపాయల వైపు చూసి, కళ్ళు మూసుకున్నాడు. కళ్ళజోడు లేకుండా ఆయనకు బల్ల అవతల ఉన్నది ఆనదు. దాన్ని సోదాలో తొక్కేశారు.

లెక్క తప్పితే భయపడొద్దు, ఎటువైపు తప్పిందో చూడు అని ఆయన చెప్పేవాడు. చూశాను. కోమటి సుద్ద కలిపాడా? కలిపితే సుద్ద పెంక మీద వేగదు, అట్లాగే ఉండిపోతుంది. అప్పుడు ఎక్కువ మిగలాలి. సరిగ్గా వేగలేదా? అప్పుడు కూడా ఎక్కువే మిగలాలి. ఇక్కడ తక్కువ మిగిలింది. తడి సోడానా? మాఘమాసపు ఎండలో పొట్లం పొడిపొడిగా ఉంది. ఒలికిందా? పెంక నా చేతిలోనే ఉంది, బల్ల మీద ఒక రేణువు లేదు. సోడాలో తప్పు లేదు. నా చేతిలో తప్పు లేదు. మొదటి తూకానికీ రెండో తూకానికీ మధ్య మారినదేమిటి?

పళ్ళెంలోంచి ఒక రూపాయి తీసి అరచేతిలో వేసుకున్నాను. వేసుకోగానే తెలిసింది. చిన్నప్పటి నుంచీ అరచెయ్యి మోసిన బరువు కాదది. దాన్ని మళ్ళీ పళ్ళెంలో వేశాను.

"జర ఆగుండ్రి సార్. ఇవి కల్దార్లు."

"అయితే?"

"మావి హాలీవి. నిజాం రూపాయలు. మీవి బయటి సర్కారువి."

"విలువ వేరని తెలుసు. సంతలో మారకం చూశాను."

"బరువు గూడ వేరే సార్. కల్దార్ తొంభైయారు గింజలు తూగుతది. హాలీ తొంభైరెండే. రూపాయికి నాలుగు గింజల ఫరక్. వేయించకముందు హాలీలతోని తూసినం. వేయించినంక కల్దార్లతోని తూసినం. ఎట్ల కలుస్తది?"

ఇన్‌స్పెక్టరు నావైపు చూశాడు. "తూకం తప్పాక గుర్తొచ్చిందా ఈ సంగతి?"

"తప్పినంకనే గుర్తొచ్చింది. నా తప్పే. మీరు రూపాయి రూపాయే గదా అంటే తలూపిన. మా నాయిన ఉంటే చెంప పగిలేది."

"ఇప్పుడు మీ రూపాయలతో తూచి సరిపోయిందంటే, నేను నమ్మాలంటావు."

ఆయన సంచి అందుకోబోయాడు. నేను ఆపాను. నా రూపాయలతో తూస్తే ఆ అనుమానం ఆయన కళ్ళల్లోనే ఉండిపోతుంది. లారీ ఇంకా రొద పెడుతూనే ఉంది.

"మావి వద్దు సార్. మీ రూపాయలతోనే చెప్త. ముందే చెప్త."

సుద్దముక్క తీసుకుని బల్ల మీదే రాశాను. పది హాలీలంటే తొమ్మిదివందల ఇరవై గింజలు. నేను చెప్పిన తొమ్మిది కలిపితే తొమ్మిదివందల ఇరవైతొమ్మిది. కల్దార్లు తొమ్మిదంటే ఎనిమిదివందల అరవైనాలుగు. మిగిలింది అరవైఐదు.

"మీ రూపాయలు తొమ్మిది పెట్టుండ్రి. ఒకటి తీసేయుండ్రి. అరవైఐదు గింజలు పడతయి."

ఆయన తన చిన్న పుస్తకంలో మొదటి గీత కింద ఇది కూడా రాసుకున్నాడు. పదో రూపాయిని తనే తీశాడు. గింజల డబ్బీని కూడా నా చేతికివ్వలేదు. తనే ఒక్కొక్కటీ వేయడం మొదలుపెట్టాడు, పైకి లెక్కపెడుతూ. ఇరవై దాకా పళ్ళెం కదల్లేదు. నలభై దగ్గర కొద్దిగా వణికింది. జవాన్లు కూడా దగ్గరికి వచ్చారు. సారును పట్టుకున్న జవాను ఆయనను వదిలేసి మెడ చాచాడు.

"అరవై."

ముల్లు ఇంకా సోడా వైపే ఉంది.

"అరవైమూడు. అరవైనాలుగు. అరవైఐదు."

ముల్లు మధ్యకు వచ్చింది. వచ్చి, ఒక వెంట్రుకంత సోడా వైపే నిలిచింది. ఇన్‌స్పెక్టరు ఇంకొక గింజ వేశాడు. అప్పుడు కచ్చితంగా నిలబడింది.

"అరవైఆరు" అన్నాడు. "ఒకటి ఎక్కువ."

"ఇంకో జర వేగాల్సిండె సార్. పిల్ల ఏడుస్తుంటే తొందరగ దించిన."

ఆయన నవ్వాడు. మొదటిసారి. టోపీ తీసి బల్ల మీద పెట్టి, నుదురు తుడుచుకుని, ముల్లు వంక ఇంకా చూస్తూనే అన్నాడు. "తొమ్మిదివందల చిల్లర గింజల్లో ఒక్క గింజ. నాకు పాఠం చెప్పిన పంతుళ్ళు రాజుల కాలాన్నే వందేళ్ళు అటూ ఇటూ చెప్పేవాళ్ళమ్మా." జవానును చూసి, "ఇంజను ఆపమను. మాష్టారి కట్లు విప్పు" అన్నాడు.

రొద ఆగింది. ఆగాకే తెలిసింది, అది నా పళ్ళల్లో మోగుతోందని. యాదలక్ష్మి ఆ నిశ్శబ్దానికి ఉలిక్కిపడి నా మెడలోని నల్లపూసలు పట్టుకుంది. జవాను ముడి విప్పుతుంటే సారు గొంతు సవరించుకుని, "మంచిగ చెప్పినవు బిడ్డా. ఎటువైపు తప్పిందో చూసినవు" అన్నాడు. నేను చదువు ఆపేసిన ఇన్నేళ్ళకు పరీక్ష పాసైనట్టనిపించింది.

"మీరు చదువు మానేయకుండా ఉండాల్సింది" అన్నాడు ఇన్‌స్పెక్టరు. నువ్వు పోయి మీరు వచ్చింది. నోటుబుక్కు నాకు అందించబోతూ, చదువుకున్నవాళ్ళ అలవాటు కొద్దీ, చివరి పేజీలు వేలితో తిరగేశాడు. వేలు ఆగింది.

"ఇదెప్పటిది?"

వంగి చూశాను. నిన్న గురువారం సారు ఇచ్చిన లెక్క. 'నలభై తులాల బట్టల సోడా కావాలంటే ఎంత తినే సోడా వేయించాలి?' సిరాతో ప్రశ్న వరకు రాశాను. అంతలో పిల్లకు దగ్గు తెర వచ్చింది. త్రాసు కూడా ఇక్కడే వదిలేసి ఇంటికి పరుగెత్తాను. ఈ పొద్దు వచ్చింది దాన్ని తీసుకుపోదామనే. ప్రశ్న కింద ఖాళీ ఉండాలి.

ఖాళీ లేదు. పెన్సిలుతో, ఎడమవైపు ఒరిగిన సన్నటి అంకెలతో, ఎవరో లెక్క చేసి పెట్టారు. '63 తులాలు, 38 గింజలు.' పక్కన చిన్న సున్నా చుట్టి, లోపల ఒక చుక్క పెట్టారు. ఎర్రటి గురిగింజకు నల్లటి కన్ను ఉంటుందే, అట్లా.

తులాల తర్వాత మిగిలింది గింజల్లో లెక్క కట్టేది అవుసలి చెయ్యి. ప్రతి తూకం చీటీ చివర ఆ గురిగింజ బొమ్మ వేసేది, నాకు తెలిసి, లోకంలో ఒకే మనిషి, యాదలక్ష్మి నాయిన.

సారు వైపు చూశాను. ఒక మణికట్టు విడిపించుకుని రుద్దుకుంటున్నవాడల్లా ఆగిపోయాడు. నా చూపు తప్పించి కిటికీ వైపు తిరిగాడు. ఆయనకు తెలుసు. నిన్న నేను పోయిన తర్వాత ఈ గదికి ఎవరు వచ్చారో, ఈ బల్ల దగ్గర ఎవరు నిలబడి నా పుస్తకం తిరగేశారో ఆయనకు తెలుసు.

"మిగతా అంతా సిరా" అన్నాడు ఇన్‌స్పెక్టరు నెమ్మదిగా. "ఇది పెన్సిలు. రాత కూడా ఇటు ఒరిగింది. ఎవరిదమ్మా ఇది?"

"నాదే సార్."

"మీదేనా?"

"నాదే. సిరా అయిపోయింది."

ఆయన బల్ల మీది సిరాబుడ్డిని చూశాడు. సగానికి పైగా ఉంది. జేబులోంచి పెన్సిలు తీసి నా ముందు పెట్టాడు. "అయితే దాని కిందే ఇంకోసారి రాయండి. ఆ చుక్కతో సహా." ముడి మీద చెయ్యి పెట్టిన జవానుకు ఆగమని సైగ చేశాడు.

పెన్సిలు అందుకున్నాను. ఆ చెయ్యి పక్కన కూర్చుని రెండేళ్ళు చూసినదాన్ని. ఆరు ఎక్కడ ఒరుగుతుందో తెలుసు, మూడు తోక ఎంతవరకు లాగాలో తెలుసు. అరవైమూడు రాశాను. తులాలు రాశాను. ముప్పైఎనిమిది. సున్నా చుట్టాను. అచ్చం అట్లాగే వచ్చింది. చుక్క ఒక్కటే మిగిలింది.

కాయితం మీద టప్పుమని ఒక నీటిబొట్టు పడి, సున్నా లోపలంతా తడిసిపోయింది.

తలెత్తాను. ఇన్‌స్పెక్టరు చేతిరాతను చూడటం లేదు. నా ముఖం వైపు చూస్తున్నాడు.

"సోడా లెక్క రాస్తూ ఎవరైనా ఏడుస్తారా అమ్మా?" అన్నాడు.